పక్కింటి తోడు, మనింటి పాలు: ఒక అమెరికా చిత్రకారిణి, జపాను చెక్క అచ్చులు

ఇది కాస్త పొడుగు రాత. తీరిక చూసుకొని చదవండి.

మన కూటాల్లో ఒక తగువు ఎప్పుడూ లేస్తుంది. ‘మనం మాట్లాడేది తెలుగేనా? సగానికి సగం తమిళం కలిసిపోయిందే’ అంటారు ఒకరు. ‘తరతరాలుగా ఇక్కడే ఉండి కలవకుండా ఎట్లా ఉంటుంది?’ అంటారు ఇంకొకరు. బెంగళూరు పక్క మనవాళ్ళకు కన్నడంతో, బరంపురం పక్క మనవాళ్ళకు ఒడియాతో ఇదే తగువు. బడిలో తమిళం చదివి, తెలుగు అక్షరాలు ఇంట్లో దిద్దుకున్న మాలాంటివాళ్ళకైతే ఇది ఒంటికి తగిలే మాట. పక్కవాళ్ళ దగ్గర తీసుకుంటే మనది మనది కాకుండా పోతుందా? తీసుకున్నామని చెప్పుకోవడం చిన్నతనమా?

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. అమెరికాలో, చిత్రకళలో, ఇదే ప్రశ్న లేచింది. దానికి ఒక ఆడమనిషి యాభై ఏళ్ళకు పైగా పని చేసి జవాబు చెప్పింది. ఆమె పేరు హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్. రైల్వేలో గుమాస్తా పని చేసి దిగినవాళ్ళకు అమెరికా చిత్రాలతో ఏమి పని అని నవ్వకండి. ఉద్యోగం దిగినాక చదువుకోవడానికి పొద్దు ఉంది, చదివినది పంచుకోవడానికి మీరు ఉన్నారు.

హెలెన్ 1928 డిసెంబరులో న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి ఆ రాష్ట్రంలో జడ్జి. వసతిగల కుటుంబం, మంచి చదువు. ఆమె వేసేవి నైరూప్య చిత్రాలు. అంటే మనిషి, చెట్టు, ఇల్లు అని వేలు పెట్టి చూపించే బొమ్మలు కావు. రంగు, గీత, ఖాళీ చోటు, వీటితోనే ఒక అనుభవాన్ని నిలబెట్టే చిత్రాలు. మన ఆడవాళ్ళు వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తే ‘ఇది ఏమి బొమ్మ?’ అని ఎవరూ అడగరు. చూసి బాగుంది అంటారు. ఆ కళ్ళతోనే వీటినీ చూడాలి.

1952లో ఆమె కెనడాలోని నోవా స్కోషియా అనే సముద్రపు ఒడ్డు ప్రాంతానికి వెళ్ళి కొండలు, నీళ్ళు చూసి వచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరు 26న ‘కొండలు, సముద్రం’ అనే చిత్రం వేసింది. అప్పటికి వయసు 23. చిత్రం సుమారు ఏడడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు. వేసిన విధానమే కొత్త. మామూలుగా చిత్రకారులు గుడ్డకు ముందు ఒక పూత పూస్తారు. ఆ పూత మీద రంగు నిలుస్తుంది, లోపలికి పోదు. హెలెన్ ఆ పూత పూయలేదు. పచ్చి గుడ్డను నేలమీద పరిచింది. రంగును టర్పెంటైన్‌తో నీళ్ళ మాదిరి పలుచన చేసి పోసింది. గుడ్డ ఆ రంగును తాగేసింది. రంగు గుడ్డ మీద లేదు, గుడ్డలో ఉంది. అద్దకం పని తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఈ తేడా చెప్పనక్కర లేదు.

ఈ పద్ధతి ఆమెకు జపాను నుంచి రాలేదు. గుడ్డను నేలమీద పరిచి పైనుంచి రంగు పోయడం జాక్సన్ పొలాక్ అనే అమెరికా చిత్రకారుడి దగ్గర ఆమె చూసింది. దాన్ని తన దారికి తిప్పుకుంది. మరుసటి సంవత్సరం మోరిస్ లూయిస్, కెన్నెత్ నోలాండ్ అనే ఇద్దరు చిత్రకారులు ఆ చిత్రాన్ని చూసి తమ పద్ధతినే మార్చుకున్నారు. ఆ తరం అమెరికా చిత్రకళలో ఒక పాయ అక్కడి నుంచే మొదలైంది.

ఇక జపాను సంగతి. జపాను చెక్క అచ్చు బొమ్మలు 19వ శతాబ్దం రెండో సగంలో పారిస్‌కు, అమెరికాకు వచ్చి పడ్డాయి. హొకుసాయ్, హిరోషిగే వంటి వాళ్ళ బొమ్మలు చూసి అక్కడి చిత్రకారులకు కళ్ళు తిరిగాయి. పారిస్‌లో ఉన్న మేరీ కసాట్ అనే అమెరికా చిత్రకారిణి 1890లో అక్కడ జరిగిన జపాను అచ్చుల ప్రదర్శన చూసి, మరుసటి సంవత్సరమే పది రంగుల ముద్రలు చేసింది. తీరు జపానుది, కానీ ముద్రించింది లోహపు పలకలతో. అదే కాలంలో ఆర్థర్ వెస్లీ డౌ అనే ఆయన బోస్టన్‌లో జపాను కళ చూసి, తానే చెక్క మీద చెక్కి, నీటి రంగులతో అచ్చు వేశాడు. 1899లో ఆయన రాసిన పాఠ్య పుస్తకం అమెరికా బడుల్లో చాలాకాలం నడిచింది. కాబట్టి అమెరికా కళలో జపాను చాలా ముందే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మళ్ళీ వచ్చింది. 1950లలో డి.టి. సుజుకి అనే జపాను పండితుడు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో జెన్ గురించి పాఠాలు చెప్పేవాడు. చిత్రకారులు, సంగీతకారులు వెళ్ళి కూర్చునేవాళ్ళు. 1954లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం జపాను కుంచెరాత మీద ప్రదర్శన పెట్టింది. గాలిలోనే జపాను ఉన్న కాలం అది.

అయినా 1955లో క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ అనే పెద్ద విమర్శకుడు ఒక వ్యాసంలో తేల్చేశాడు. ఈ కొత్త అమెరికా చిత్రకారుల్లో ఎవరికీ తూర్పు దేశాల కళ మీద పైపై ఆసక్తికి మించి లేదని ఆయన మాట. ఈయన హెలెన్‌కు ఆ రోజుల్లో బాగా దగ్గరివాడు. ఆమె మొదటి చిత్రాల గురించి మాట్లాడేవాళ్ళు ఆయన పేరు చెప్పకుండా ఉండరు.

ఆ మాట వెనకాల ఏముందో మనకు తెలియదా? యుద్ధం గెలిచిన దేశం. కళలో కూడా పారిస్‌ను దాటాము, మాది మాదే, ఎవరి దగ్గరా తీసుకోలేదు అని నిరూపించుకోవాలనే ఆరాటం. ‘మా తెలుగులో పరభాష ఒక్క మాట లేదు’ అని మీసం తిప్పేవాళ్ళను మనమూ చూస్తున్నాము. ఆ మీసం తిప్పడంలోనే మూడు పరభాషా మాటలు ఉంటాయి.

హెలెన్ ఆ వాదంలోకి దిగలేదు. ఆమె జవాబు పద్దెనిమిది ఏళ్ళ తర్వాత, పనిలో వచ్చింది. దాన్ని అర్థం చేసుకోవాలంటే జపాను చెక్క అచ్చు ఎట్లా వేస్తారో ముందు తెలియాలి.

పాత పద్ధతిలో ఒక బొమ్మకు నలుగురు మనుషులు కావాలి. బొమ్మ గీసేవాడు ఒకడు. దాన్ని చెక్క మీద చెక్కేవాడు ఒకడు. రంగు పూసి కాగితం మీద అచ్చు వేసేవాడు ఒకడు. డబ్బు పెట్టి అందరినీ కూర్చి అమ్మేవాడు ఒకడు. మనం ‘హొకుసాయ్ బొమ్మ’ అంటాము, కానీ అది నాలుగు చేతుల పని. బొమ్మ మీద గీసినవాడి సంతకం ఉంటుంది, అమ్మేవాడి ముద్ర ఉంటుంది. చెక్కినవాడి పేరు అప్పుడప్పుడు కనిపిస్తుంది. అచ్చు వేసినవాడి పేరు కనిపించడం ఇంకా అరుదు.

చెక్క సాధారణంగా అడవి చెర్రీ. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక. రంగు నీళ్ళలో కలిపినది, దానికి కొంచెం బియ్యపు గంజి చేరుస్తారు. కాగితం మల్బరీ జాతి చెట్టు నారతో చేసినది. రంగు చెదిరిపోకుండా దానికి జిగురు, పటిక కలిపిన నీళ్ళు పూస్తారు. అచ్చు వేసే ముందు కాగితాన్ని తడిగా ఉంచుతారు. పలక మీద కాగితం వేసి, వెదురు పొర చుట్టిన గుండ్రటి పనిముట్టుతో వెనకవైపు నుంచి చేత్తో రుద్దుతారు. దాని పేరు బరెన్. యంత్రం లేదు. ఎక్కడ గట్టిగా ఒత్తాలి, ఎక్కడ తేలిగ్గా వదలాలి అనేది అరచేతికి తెలియాలి. అప్పుడు రంగు కాగితం పైన పొర మాదిరి నిలబడదు, నారలోపలికి దిగుతుంది.

పది పలకలు ఉంటే కాగితాన్ని పదిసార్లు వేయాలి. ప్రతిసారీ అదే చోట పడాలి. దానికి పలక అంచున రెండు గుర్తులు చెక్కుతారు, ఒకటి మూలకు, ఒకటి పక్కకు. కాగితం మూల ఆ మూలలో, అంచు ఆ గీతకు ఆనాలి. ఆ గుర్తుకు కెంటో అని పేరు. మేము పార్సిల్ ఆఫీసులో కార్బన్ కాగితాలు పెట్టి నాలుగు ప్రతులు రాసిన రోజులు గుర్తొస్తాయి. పై కాగితం కొంచెం జరిగితే చాలు, కింది ప్రతిలో బరువు గళ్ళో ఛార్జీ పడుతుంది. పది, ఇరవై పలకలను వెంట్రుకంత తేడా లేకుండా కలపాలంటే ఎంత ఓర్పు కావాలో ఆలోచించండి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. గుడ్డలోకి ఇంకే రంగు ఒకటి. కాగితం నారలోకి దిగే రంగు ఒకటి. ఒకటి న్యూయార్క్‌లో 1952లో పుట్టింది. ఇంకొకటి జపానులో వందల ఏళ్ళుగా ఉంది. రెండింటికీ చుట్టరికం లేదు, పోలిక మాత్రం ఉంది. హెలెన్‌ను జపాను పద్ధతి దగ్గరికి నడిపించింది ఈ పోలికే అని మా ఆలోచన.

ఒక అడ్డం కూడా ఉంది. హెలెన్ పని క్షణంలో పుట్టినట్టు కనిపించాలి. పోసింది, పారింది, ఆరింది అన్నట్టు. చెక్క దానికి నేరుగా శత్రువు. చెక్క గట్టిది. ఉలి పెట్టాలి, ఇన్ని పలకలు, ఇన్నిసార్లు. నీళ్ళు పారినట్టుండే రంగును కట్టెలో ఎట్లా పట్టేది? ఆమె తర్వాతి జీవితమంతా ఈ చిక్కుముడి విప్పడమే.

1961 నుంచే ఆమె న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో టాట్యానా గ్రోస్‌మన్ నడిపిన ముద్రణాలయంలో రాతి అచ్చులు వేస్తూ ఉంది. 1973లో అక్కడే మొదటిసారి చెక్క పట్టింది. ‘తూర్పు, దాని ఆవల’ అని ఆ అచ్చుకు పేరు. తూర్పు అనే మాట పేరులోనే ఉంది. అప్పట్లో చెక్క అచ్చు అంటే పాతకాలపు మొరటు పని అని అమెరికాలో చిన్నచూపు. ఆమె పలకను సన్నని రంపంతో ముక్కలు కోసి, ముక్కలకు వేరు వేరు రంగులు పూసి, మళ్ళీ కలిపి అచ్చు వేసింది. ఇట్లా ముక్కలు కోసే పద్ధతి నార్వే చిత్రకారుడు మూంక్ చాలా ముందే చేశాడు. హెలెన్ పట్టుదల వేరే చోట ఉంది. ముక్కకూ ముక్కకూ నడుమ తెల్ల గీత కనిపించకూడదు. రంగులు ఒకదానిలో ఒకటి కరిగినట్టుండాలి. చెక్క పొరల గీతలనే చిత్రంలో భాగం చేసింది. అమెరికాలో చెక్క అచ్చుకు మళ్ళీ గౌరవం రావడానికి ఈ అచ్చు ఒక కారణమని కళా చరిత్ర రాసేవాళ్ళు చెప్తారు.

1977లో కెన్నెత్ టైలర్ అనే ముద్రాపకుడి దగ్గర ‘మల్బరీ సారం’ అనే అచ్చు చేసింది. టైలర్ కార్ఖానా దగ్గర ఒక మల్బరీ చెట్టు ఉంది. ఆ పళ్ళ రసం రంగు చూసి ఆమెకు మనసైంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో చూసిన 15వ శతాబ్దపు ఐరోపా చెక్క అచ్చుల వెలిసిన రంగులూ మనసులో ఉన్నాయి. కాగితం జపాను గంపి కాగితం. చూడండి ఎన్ని ఊళ్ళ నీళ్ళు ఒక చెంబులో కలిశాయో. ఐరోపా పాత అచ్చుల రంగు, అమెరికా పెరటి చెట్టు పండు, జపాను కాగితం. అయినా దాన్ని చూసినవాళ్ళు అది హెలెన్ పని అనే అంటారు.

1983లో ఆమె జపాను వెళ్ళింది. కాలిఫోర్నియాకు చెందిన క్రౌన్ పాయింట్ ప్రెస్ అమెరికా చిత్రకారులను క్యోటో పనివాళ్ళతో కలిపే ఏర్పాటు చేసింది. హెలెన్ అక్కడ రెయిజో మోంజూ అనే చెక్కేవాడితో, తడాషి తోడా అనే అచ్చు వేసేవాడితో కలిసి ‘దేవదారు కొండ’ అనే పని చేసింది. రంగులు లేత గులాబి కాగితం మీద పడ్డాయి. అచ్చు వేసినాయన పేరే తోడా కావడం మాకు భలే నచ్చింది. ఎందుకో కింద చెప్తాము.

పదేళ్ళ ముందు తన చేత్తో రంపం పట్టిన మనిషి, క్యోటోలో ఉలిని ఇంకొకరి చేతికి ఇచ్చింది. ఇక్కడ చరిత్రలో ఒక తమాషా ఉంది. జపానులోనే 20వ శతాబ్దం మొదట్లో కొందరు యువ చిత్రకారులు ఈ నలుగురి పద్ధతిని వదిలేశారు. 1904లో యమమోతో కనాయె అనే ఆయన ఒక జాలరి బొమ్మను తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చు వేశాడు. ఇదే నిజమైన కళ, మిగిలింది పనివాళ్ళ పని అనే ఉద్యమం అక్కడి నుంచి పెరిగింది. ఆ ఆలోచనకు బలం పడమటి నుంచి వచ్చింది, కళాకారుడు అంటే ఒంటరి మనిషి అనే భావం. జపాను చిత్రకారులు పడమటి వైపు చూసి ఒంటరిగా పని చేయడం నేర్చుకున్నారు. పడమటి చిత్రకారిణి జపాను వైపు చూసి కలిసి పని చేయడం నేర్చుకుంది. ఇద్దరిలో ఎవరిది అసలు, ఎవరిది అరువు? ఆ లెక్క ఎవరికీ తేలదు, తేల్చాల్సిన పనీ లేదు.

ఇక ఆమె పెద్ద పని. 1998లో ‘గెంజి కథలు’ అనే ఆరు చెక్క అచ్చుల వరుస టైలర్ దగ్గర పూర్తయింది. దాదాపు మూడేళ్ళు పట్టింది. గెంజి కథ జపానుకు మహాగ్రంథం లాంటిది. 11వ శతాబ్దం మొదట్లో మురసాకి షికిబు అనే అంతఃపుర స్త్రీ రాసింది, 54 అధ్యాయాలు. తర్వాతి శతాబ్దంలోనే దానికి బొమ్మల చుట్టలు వేశారు. హెలెన్ అచ్చుల్లో గెంజి రాజకుమారుడు లేడు, అంతఃపురం లేదు. రంగుల మడుగులు, పల్చని మబ్బులు, చెక్క గీతలు, ఒకటి రెండు చురుకైన మచ్చలు, అంతే.

ఆ అచ్చులకు పని ఎట్లా నడిచిందో వినండి. ఆమె కాగితం మీద నమూనా గీసి ఇవ్వలేదు. అచ్చు ఎంత పెద్దదో అంత చెక్క పలక మీదనే రంగులతో చిత్రం వేసి ఇచ్చింది. చెక్క రంగును ఎట్లా పీలుస్తుందో, గీతలు ఎట్లా కనిపిస్తాయో పనివాళ్ళు కళ్ళారా చూసేటట్టు. అక్కడ జపాను నుంచి వచ్చిన యసుయుకి షిబాటా అనే చెక్కేవాడు ఉన్నాడు. ఆయన, టైలర్ మనుషులు కలిసి ఆ ఒక్క చిత్రాన్ని ఎన్నో పలకలుగా విడగొట్టారు. ఏ రంగు కింద ఏ రంగు పడితే ఆ మబ్బు వస్తుంది అని మాదిరి అచ్చులు తీసి చూశారు. హెలెన్ వచ్చి చూసి ఇది కాదు అనేది. మళ్ళీ మొదలు. టైలర్‌కు సొంత కాగితపు మిల్లు ఉంది, కాగితాన్ని కూడా అక్కడే చేత్తో చేశారు. క్షణంలో పారినట్టుండే రంగు వెనకాల ఏళ్ళ కష్టం ఉంది.

2000లో ‘మేడమ్ బటర్‌ఫ్లై’ వచ్చింది. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టిన చిత్రం, జపాను ఇళ్ళలో మడిచే తెరల మాదిరి. సుమారు మూడున్నర అడుగుల ఎత్తు, ఆరున్నర అడుగుల వెడల్పు. 46 చెక్క పలకలు, 102 రంగులు. ఒక్క పలక కెంటో తప్పితే అంతా పాడు. చూస్తే మాత్రం ఎవరో ఒక్క గుక్కలో రంగు పోసి వదిలినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి, దాటవేయకూడదు. ఆ పేరు ఎవరిది? ఇటలీ సంగీతకారుడు పుచ్చీని 1904లో చేసిన ఆపెరా పేరు. ఆ కథకు మూలం ఒక అమెరికా రచయిత కథ, అమెరికా నాటకం. నాగసాకిలో ఒక అమెరికా నౌకా అధికారి ఒక జపాను అమ్మాయిని పెళ్ళాడి వదిలేస్తే ఆమె ప్రాణం తీసుకుంటుంది. అంటే ఆ పేరులో ఉన్నది పడమటివాళ్ళు ఊహించుకున్న జపాను. పువ్వులాంటి అమ్మాయి, ఎదురు చూపు, చావు. నిజం జపాను కాదు. జపానువాళ్ళకు ఆ కథ మీద కోపం ఉంటే న్యాయమే. తమిళ సినిమాలో తెలుగువాడు వచ్చాడంటే గట్టిగా అరిచే పాత్ర ఒకటి తప్పదు, అది చూసి మనకు ఎట్లా ఉంటుంది?

కాబట్టి ఆ చిత్రంలో రెండు జపానులు ఉన్నాయని మేము అనుకుంటాము. పేరులో ఉన్న జపాను అరువు కల. పనిలో ఉన్న జపాను నిజం, చెక్క, నీళ్ళు, అరచేయి, ఓర్పు. మొదటిది ఎవరైనా ఒక పూటలో తీసుకోవచ్చు. కిమోనో కట్టి ఫోటో దిగినంత సులువు. రెండోది తీసుకోవాలంటే ఏళ్ళు పడుతుంది, పక్కన కూర్చుని నేర్చుకోవాలి, తన మాట కాస్త తగ్గించుకోవాలి. హెలెన్ పేరు తీసుకున్నచోట మనం ప్రశ్న అడగవచ్చు. పని తీసుకున్నచోట చేతులు జోడించాలి.

ఆ తర్వాత కూడా ఆమె ఆపలేదు. టైలర్ కార్ఖానా కాలం ముగిసినాక షిబాటా న్యూయార్క్‌లోని పేస్ ముద్రణాలయంలో చేరాడు. అక్కడ ‘మంచు దేవదారులు’ 2004లో, ‘జపాను మేపుల్’ 2005లో, చివరిది 2009లో వచ్చాయి. అప్పటికి ఆమెకు ఎనభై ఏళ్ళు. 2011 డిసెంబరులో కన్ను మూసింది. 2021లో లండన్‌లోని డల్విచ్ చిత్రశాల ఆమె చెక్క అచ్చులతోనే ఒక ప్రదర్శన పెట్టింది. చిత్రాలతో పేరు తెచ్చుకున్న మనిషికి, అచ్చుల కోసమే వేరుగా ఒక కొలువు.

ఇప్పుడు మాట సంగతి. ఒకరి పని మీద ఇంకొకరి పని పడితే తమిళంలో ‘తాక్కం’ అంటాము. తాకడం, దెబ్బ కొట్టడం అనే అర్థంలోంచి వచ్చిన మాట. తెలుగు పుస్తకాల్లో ‘ప్రభావం’ అంటారు, శక్తి, మహిమ అనే అర్థం ఉన్న మాట. ఒకదానిలో దెబ్బ తినేవాడు ఉన్నాడు, ఇంకొకదానిలో ఊరికే ఆ మహిమకు లోబడేవాడు ఉన్నాడు. హెలెన్ సంగతికి రెండూ సరిపోవు. సరిపోయే మాట మన వంటింట్లో ఉంది. తోడు. తమిళంలో ఉరై అంటారు. రాత్రి పాలు కాచి, ఇంట్లో పెరుగు లేకపోతే పక్కింటి నుంచి ఒక గరిటె తెచ్చి తోడు వేస్తాము. తెల్లారి గిన్నెలో ఉన్నది పక్కింటి పెరుగా? కాదు, మన పాల పెరుగు. కానీ ఆ గరిటె లేకపోతే పాలు పాలుగానే ఉండేవి, లేదా విరిగిపోయేవి. ఇంకొక సంగతి, పాలు సరైన వేడిలో ఉంటేనే తోడుకుంటాయి. 1952లో గుడ్డలో రంగు ఇంకించిన చేయి కాబట్టే 1983లో క్యోటో పని ఆమెకు తోడుకుంది. తోడు అంటే జత అని కూడా అర్థం. మోంజూ, తోడా, షిబాటా ఆమెకు రెండు అర్థాలలోనూ తోడే.

తీసుకోవడం ఒకవైపే నడిచిందనుకోకండి. 17, 18 శతాబ్దాలలో మన కోరమండలం తీరం నుంచి, మచిలీపట్నం పక్క నుంచి అద్దకం గుడ్డలు డచ్చి ఓడలలో దూర దేశాలకు వెళ్ళాయి. భారతదేశపు రంగుల నూలు గుడ్డలు అట్లా జపాను కూడా చేరాయి. వాళ్ళు వాటిని సరసా అన్నారు. తేనీటి వేడుకల పెద్దమనుషులు చిన్న ముక్కలను కూడా దాచుకొని, తేయాకు డబ్బీలకు సంచులు కుట్టించుకున్నారు. తర్వాత వాళ్ళే తమ సరసా తయారు చేసుకున్నారు. మన అద్దకంలో కరక్కాయ, పటిక గుడ్డలో రంగును పట్టి ఉంచుతాయి. జపాను కాగితంలో పటిక జిగురుతో కలిసి రంగును చెదరనీయదు. పని వేరు, పటిక ఒకటే. ఆ గుడ్డలను అద్దినవాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎక్కడ ఉన్నాయి? గుడ్డలు మ్యూజియాలలో అద్దాల వెనకాల ఉన్నాయి. అద్దిన చేతుల పేర్లు లేవు.

అందుకే హెలెన్ కథలో మాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది రంగుల లెక్క కాదు. టైలర్ కార్ఖానా తన అచ్చులకు పెట్టిన రికార్డు. ఎవరు కాగితం చేశారు, ఎవరు చెక్కారు, ఎవరు అచ్చు వేశారు అని పేరు పేరునా రాసి పెట్టారు. ఈ రోజు ఆ చిత్రాల గురించి రాసేవాళ్ళు షిబాటా పేరు రాయకుండా ఉండలేరు. అప్పు తీసుకున్నామని దాచలేదు. దాచనందువల్ల హెలెన్ చిన్నది కాలేదు.

మన సంఘానికి ఒక విన్నపం. ప్రతి సంవత్సరం మనం వేసే మలరులో చందా ఇచ్చినవాళ్ళ ఫోటోలు, పదవుల్లో ఉన్నవాళ్ళ ఫోటోలు ఉంటాయి. ఉండనీ. ఈసారి నాలుగు పేజీలు వేరుగా పెడదాము. మీ ఇంట్లో తాత నేత నేసినా, అవ్వ అద్దకం చేసినా, పెదనాన్న వడ్రంగం చేసినా, వాళ్ళ పేరు, ఊరు, చేసిన పని రాసి పంపండి. ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా రాయండి. నేర్పినవాళ్ళు తమిళులైనా, కన్నడిగులైనా, సౌరాష్ట్రులైనా పేరు రాయండి. పని ముట్లకు ఇంట్లో ఏ మాట వాడేవాళ్ళో ఆ మాటే రాయండి, అది తెలుగా తమిళమా అని తూకం వేయకండి. అక్షరాలు రానివాళ్ళు చెప్తే మేము రాసిపెడతాము. ముప్పై ఏళ్ళకు పైగా ఇతరులు చెప్పినది గళ్ళలో రాయడమే మా ఉద్యోగం.

పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడగండి. వాళ్ళు పోయినాక ఆ పేర్లు ఏ మ్యూజియంలోనూ దొరకవు.